తాతగారి విగ్రహం అమెరికా పంపవచ్చా?

ప్రశ్న: పంపకాల్లో మా తాతగారి పంచలోహ వేణుగోపాలస్వామి విగ్రహం నాకొచ్చింది. జానెడు ఎత్తు. నూటపాతికేళ్ల నాటిదంటారు. డాలస్‌లోని అమ్మాయికి పంపవచ్చా? పోనీ, అమ్మవచ్చా?
- పాఠకురాలు, తెనాలి

జవాబు: పెద్దల మాట నిజమైతే పంపకండమ్మా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహం పురావస్తువు. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లే. వీటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సొంత ఆస్తి అయినా సరే. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. కానీ లోహ విగ్రహాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ ప్రాంత రిజిస్టరింగ్ అధికారికి దరఖాస్తు, ఫొటోలు ఇవ్వాలి. ఎత్తు, బరువు, పీఠం మీది అక్షరాలు రాసిపెట్టుకోండి. పంపకాల దస్తావేజు జతచేయండి. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతే గుడి సొత్తేమోనన్న అనుమానం వస్తుంది. అధికారికి చూపేముందు చింతపండుతో తోమకండి, దయచేసి! వయసు పట్టిచ్చే పాత పొర కాస్తా పోతుంది.

రిజిస్టరయ్యాక దేశంలోనే అమ్మవచ్చు. చేతులు మారిన సంగతి అధికారికి తెలపాలి. వ్యాపారంగా కొని అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, కాబట్టి దుకాణదారుణ్ణి ముందు అదే అడగండి.

వందేళ్లు నిండలేదని తోస్తే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ నుంచి తీసుకున్నాకే పంపండి. అది లేకపోతే కస్టమ్స్‌లో ఆపేయవచ్చు.