ఎముకకి పట్టిన పుండులో గాజు గుళికలు పెట్టించుకోవచ్చా? మా నాన్నగారి అనుభవం

మీ నాన్నగారి మడమ పుండు ఎముకదాకా వెళ్ళిందని, చచ్చిన ఎముక గీకేసి ఆ గుంతలో బయోయాక్టివ్ గ్లాస్ నింపుతామని డాక్టరు అన్నారని రాశారు. ఒంట్లో గాజు పెట్టడమేమిటన్న భయం నాకు తెలుసండి. మూడేళ్ళ క్రితం ఇదే విశాఖలో మేమూ అదే అడిగాం. నేను డాక్టర్ని కాదు. మా నాన్నగారి మంచం పక్కన ఉండి చూసింది, సర్జన్ ఓపిగ్గా చెబితే అర్థమైంది రాస్తున్నాను.

నాన్నగారికి 20 ఏళ్ళ షుగరు. అరికాళ్ళకి స్పర్శ పోయింది. అయినా ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మానేవారు కాదు. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లు. ఆ ఏడు మడమలో రాయి గుచ్చుకుంటే ఆయనకి తెలియనే లేదు. మూడోనాడు దుప్పటి మీద రసి మరక చూసి అమ్మ కనిపెట్టింది. ఇంటి దగ్గర క్లినిక్‌లో ఆరు వారాలు కట్లు కట్టారు, వెండి ఉన్న ఖరీదైన కట్టు కూడా వాడారు. వెండి అయాన్లు సూక్ష్మజీవుల ఎంజైములకి అతుక్కుని వాటిని పనిచేయనివ్వవు. పైపుండుకి మంచిదే. కానీ చీము ఎముకలో ఉంటే పైకట్టు ఏం చేస్తుంది? ఆ ఆరు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. చివరికి ఇంకో డాక్టరు పుండులోకి సన్నటి లోహపు పుల్ల పెట్టి చూస్తే టక్కున ఎముక తగిలింది. ఎమ్మారైలో సంగతి తేలింది.

ఇక గాజు సంగతి. ఇది కిటికీ గాజు కాదు, ఒంట్లో మెల్లగా కరిగేది. ఇలాంటి గాజుని 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ మొదట తయారుచేశారు. నాన్నగారికి వాడింది ఎస్53పీ4 అనే రకం. అందులో సిలికా 53 శాతం, ఫాస్ఫరస్ ఆక్సైడు 4 శాతం, మిగతాది సోడియం, కాల్షియం ఆక్సైడ్లు. చూడటానికి ముతక ఇసకలా ఉంటుంది.

ఒంట్లో తడి తగలగానే గాజులోంచి సోడియం, కాల్షియం అయాన్లు బయటికొస్తాయి. చుట్టూ సున్నపు తేటలాగా క్షారగుణం పెరుగుతుంది, ఉప్పదనమూ పెరుగుతుంది. "ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉప్పు పట్టించిన చేప ఎందుకు కుళ్ళదు?" అని సర్జన్ నన్నే అడిగారు. ఉప్పు నీటిని లాగేస్తే సూక్ష్మజీవి బతకలేదు. ఇక్కడా అంతే. ఆ తర్వాత గుళికల మీద సిలికా జిగురు పొర, దాని మీద కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుంటాయి. అది మన ఎముకలో ఉండే ఖనిజంలాంటిదే కాబట్టి ఎముక కణాలు దాన్ని పట్టుకుని పెరుగుతాయి.

షుగరు కాలికి రక్తం సరిగా అందదు, చచ్చిన ఎముకకి అసలే అందదు. రక్తంతో వెళ్ళే యాంటీబయాటిక్ అక్కడిదాకా చేరడం కష్టం. గాజు అయాన్లు ఆ గుంతలోనే పుడతాయి. నన్ను ఒప్పించింది ఈ ఒక్క మాటే. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పూసలు పెడితే, వాటిని తీయడానికి మళ్ళీ కోయాలి. దీనికి ఆ అవసరం లేదు.

అలాగని అంతా గాజే చేసేస్తుందనుకోకండి. చచ్చిన ఎముకని పూర్తిగా గీకకపోతే ఏ గాజూ కాపాడదు. కాలి రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ చేశారా, గీకిన ఎముక ముక్కని, అందులో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూసే కల్చర్‌కి పంపుతారా, పైన మూయడానికి మంచి చర్మం మిగిలిందా అని తప్పకుండా అడగండి. మాకు కల్చర్‌లో తేలినదాన్ని బట్టి యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. అన్నిటికన్నా కష్టమైంది మాత్రం మూడు నెలలు మడమ మీద బరువు మోపకుండా చూడటం. రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు అమ్మో నేనో పక్కనే ఉండేవాళ్ళం.

కుట్లలోంచి కొన్ని వారాలు తేటనీరు కారింది. మళ్ళీ చీము పట్టిందని హడలిపోయాం. వాసన లేదు, జ్వరం లేదు, పరీక్షలో సూక్ష్మజీవులూ లేవు. ఈ గాజు పెట్టినప్పుడు అలా కారడం ఉంటుందని ముందే చెప్పి ఉంటే మేం అంత ఏడ్చేవాళ్ళం కాదు. రంగు మారినా, వాసనొచ్చినా, జ్వరం తగిలినా మాత్రం ఆగకుండా వెళ్ళండి.

ఆపరేషన్ కాగితాలు జాగ్రత్తగా దాచండి. ఈ గాజు ఏళ్ళ తరబడి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. సంగతి తెలియని డాక్టరు దాన్ని చచ్చిన ఎముక అనుకునే వీలుంది.