ముగ్గురిని కనమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి రెండేళ్లు నిండాయి. ఆపరేషన్ చేయించుకుంటానంటే అత్తగారు వద్దంటున్నారు. "ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు, నాయకులే ఎక్కువమందిని కనమంటున్నారు, మగపిల్లవాడి కోసం ఇంకొక్కసారి చూడండి" అంటారు. మావారు నోరు విప్పరు. ఆయన సంతకం లేనిదే ఆపరేషన్ చేయరట కదా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు సంతకం సంగతి చెబుతాను. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు భర్త అనుమతి అవసరం లేదని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. మీ సంతకం చాలు. ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పండి.

ఇక ఆ నిబంధన. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీ చేయనివ్వలేదు. ఆ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసింది. అంతే తప్ప ఎవరూ ఇంతమందిని కనాలని చట్టం చేయలేదు. నాయకుల దిగులుకు కారణం లేకపోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. కానీ ఆ లోటు పూడ్చే బాధ్యత మీ గర్భసంచి మీద ఎవరు పెట్టారు?

నేను ముప్పై రెండేళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తగా పనిచేశాను. 1996లో లక్ష్యాలు ఎత్తేసేదాకా ఏడాదికి ఇన్ని ఆపరేషన్ కేసులు తేవాలని మాకు లెక్క ఉండేది. మార్చి నెల వస్తే నిద్ర పట్టేది కాదు. ఒక ఏడాది ఒక కేసు తక్కువైంది. మూడో కాన్పయి నెల తిరగని బాలింతను నచ్చజెప్పి క్యాంపుకు తీసుకెళ్లాను. కాపర్-టీ ఉందని, మాత్రలు ఉన్నాయని చెప్పలేదు. చెబితే కేసు చేజారుతుందని భయం. ఆమె క్షేమంగానే ఇల్లు చేరింది. కానీ 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ జిల్లా క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు పది మందికి పైగా చనిపోయారని చదివినప్పుడు ఆమె ముఖమే కళ్ల ముందు మెదిలింది. ఆ రోజు నేను చేసింది తప్పు. అప్పుడు వద్దని ఒత్తిడి చేశాం, ఇప్పుడు కనమని ఒత్తిడి చేస్తున్నారు. రెండు సార్లూ ఆడవారిని అడిగినవారు లేరు.

మగవారిని కూడా ఒకప్పుడు అలాగే పట్టుకెళ్లారు. ఎమర్జెన్సీలో, 1976–77 ఒక్క ఏడాదిలోనే ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ భాగం మగవారికే. 1977 ఎన్నికల్లో ప్రజలు ఆ కోపం చూపించాక ప్రభుత్వాలు మగవారి జోలికి వెళ్లడానికి జంకాయి, బరువంతా ఆడవారి మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు డెబ్భై శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. భార్యకు బదులు తాను చేయించుకున్న భర్తలు నూటికి ఒక్కరు కూడా లేరు.

అందుకే మీవారిని మౌనంగా ఉండనివ్వకండి. మగవారికి కోత, కుట్లు లేని వేసెక్టమీ ఉంది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఆ తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకోవాలి. శాశ్వత నిర్ణయానికి ఇంకా మనసు రాకపోతే మూడు నెలలకొకసారి ఆడవారికి ఇచ్చే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్, కాపర్-టీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మీ ప్రాంతం ఏఎన్‌ఎంను కలిసి అన్నీ అడగండి. వెళ్లేటప్పుడు మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి.