పాత ఫోర్ వీల్ జీపుకు సెల్ఫ్ మనమే మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కానీ ముందు ఎర్త్ చూడండి

అన్నా, మీరు అడిగింది ఇదీ: 1998 మోడల్ డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్, దేవరకొండ దగ్గర పొలం పనులకు వాడుతున్నారు, పొద్దున తాళం తిప్పితే ఒక్క టక్ మని ఊరుకుంటోంది, బ్యాటరీ కొని రెండు నెలలే అయింది, మెకానిక్ సెల్ఫ్ (తాళం తిప్పితే ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటార్) పోయిందన్నాడు, కొత్తది తెచ్చి మనమే బిగించుకోవచ్చా అని. బిగించుకోవచ్చు. హాలియా దగ్గర మా తోటలో చెట్టు కింద నేను రెండుసార్లు బిగించాను. అందులో మొదటిసారి బిగించింది అవసరం లేకుండానే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మాది బత్తాయి తోట. వాన పడితే తోటలోంచి తారు రోడ్డు దాకా ట్రాక్టర్ ట్రాలీ కూడా దిగబడుతుంది, కాయ బయటికి రావాలంటే ఈ జీపే దిక్కు. ఒక ఆగస్టులో కోత మధ్యలో ఉండగా మీకు వచ్చిన టక్కే మాకూ వచ్చింది. మోకాళ్ల నొప్పి ఉన్న మా నాన్న కూలీలతో కలిసి బురదలో జీపును తోస్తుంటే చూడలేక, ఆ సాయంత్రమే పోయి దొరికిన సెల్ఫ్ మోటార్ కొనుక్కొచ్చాను. మర్నాడు మధ్యాహ్నం దాకా కష్టపడి బిగించి తాళం తిప్పితే మళ్లీ అదే టక్. అసలు తప్పు ఎర్త్ పట్టీలో ఉంది, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లడానికి ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే తీగల పట్టీలో. పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు విప్పి చూస్తే కింద అంతా తుప్పు, తీగల్లో సగం తెగిపోయి ఉన్నాయి. దాన్ని మార్చి, పాత సెల్ఫ్‌నే తిరిగి పెడితే ఇంకో మూడేళ్లు పనిచేసింది.

కాబట్టి ముందు కొలవండి. మామూలు మల్టీమీటర్ చాలు. బండి నిలిచి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 అంటే సగం ఖాళీ అయినట్టు. ఇంకొకరిని తాళం తిప్పమని, ఆ క్షణంలోనే మీటర్ చూడండి. తొమ్మిదిన్నర కిందికి పడిపోతే బ్యాటరీ బలం లేనిదైనా కావాలి, సెల్ఫ్ లోపల పట్టేసి కరెంటు ఎక్కువ లాగుతున్నదైనా కావాలి. బ్యాటరీ దగ్గర 12 దాకా నిలబడి ఉండి కూడా మోటార్ తిరగడం లేదంటే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. అప్పుడు మీటర్ ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, రెండో కొనను సెల్ఫ్ బాడీ మీద పెట్టి తాళం తిప్పించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ పాడైనట్టే, నాకు రెండు వోల్టుల పైనే చూపించింది. అలాగే పాజిటివ్ పోస్టుకూ సెల్ఫ్ మీద లావు వైరు బిగించే బోల్టుకూ మధ్య చూడండి. ఈ నాలుగు కొలతలకు పది నిమిషాలు పట్టదు.

శబ్దం కూడా చాలా చెబుతుంది. టకటకటక అని వరసగా కొట్టుకుంటే ఎక్కువగా బ్యాటరీ, లేదా దాని క్లాంపులు. మీలాగా ఒక్క గట్టి టక్ అయితే సోలెనాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి) లాగుతోంది కానీ మోటార్‌కు కరెంటు చాలడం లేదు, అంటే వైర్లు, సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లలో ఏదో ఒకటి. సెల్ఫ్ గిర్రున తిరుగుతూ ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ (సెల్ఫ్ చివర ఉండే పళ్ల చక్రాన్ని ఇంజిన్‌కు కలిపే భాగం) పోయినట్టు. గరగరమని పళ్లు కొరికినట్టు వస్తే ఫ్లైవీల్ రింగ్ గేర్ (సెల్ఫ్ పళ్లు పట్టుకుని తిప్పే ఇంజిన్ వైపు పళ్ల చక్రం) చూడాలి, అది అరిగి ఉంటే కొత్త సెల్ఫ్ పెట్టినా దాని పళ్లను కూడా తినేస్తుంది.

రెండోసారి మాత్రం నిజంగానే సెల్ఫ్ పోయింది. విప్పి చూస్తే ఇరుసు తిరిగే బుష్‌లు అరిగి, ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) లోపల రాసుకున్న గీతలు స్పష్టంగా ఉన్నాయి.

ఇక విప్పే సంగతి. జీపును చదునైన చోట పెట్టండి. ఫోర్ వీల్ బండ్లలో చాలామందికి తట్టని విషయం ఒకటుంది: ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) లివర్ న్యూట్రల్‌లో ఉంటే, మీరు గేర్‌లో వేసి ఉంచినా బండి దొర్లుతుంది, ఎందుకంటే చక్రాలకూ గేర్‌బాక్స్‌కూ సంబంధం తెగిపోయి ఉంటుంది. గేర్‌లో ఉంది కదా అని నమ్మి కిందికి దూరొద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి, నాలుగు చక్రాలకూ రాళ్లు అడ్డం పెట్టి, లివర్ ఎక్కడుందో కళ్లతో చూసుకున్నాకే పడుకోండి. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కింద ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, దిమ్మలు పెట్టాల్సిందే.

తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. సెల్ఫ్‌కు వచ్చే లావు వైరుకు తాళం తీసేసి ఉన్నా కరెంటు ఉంటుంది, పాత బండ్లలో మధ్యలో ఫ్యూజ్ కూడా ఉండదు. పానా ఒక కొన ఆ బోల్టుకూ ఇంకో కొన ఛాసిస్‌కూ తగిలిందంటే వెల్డింగ్ పెట్టినట్టు మెరుపు వస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి.

వైర్లు విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. లావు వైరు, తాళం నుంచి వచ్చే సన్న వైరు, అదే బోల్టుకు ఇంకేవైనా వైర్లు కలిసి ఉంటే అవీ, ఏది ఎక్కడిదో సాయంత్రానికి గుర్తుండదు. నా జీపులో ముందు ఇరుసుకు పోయే షాఫ్ట్ సరిగ్గా చేయి పెట్టే చోటే అడ్డం వస్తుంది, పొడుగు ఎక్స్‌టెన్షన్ లేకపోతే పై బోల్టు అందదు. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. ఆఖరి బోల్టు తీసేముందు కింద ఇటుకలు పేర్చుకోండి, పాత డీజిల్ సెల్ఫ్ చాలా బరువు, పడుకుని పైకి చూస్తూ పని చేస్తున్నప్పుడు నేరుగా ఛాతీ మీదికే వస్తుంది.

బయటికి తీశాక వెంటనే కొత్తది కొనకండి. నల్గొండ, మిర్యాలగూడలో సెల్ఫ్‌లు, డైనమోలు బాగుచేసే మంచి ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, అక్కడికి తీసుకెళ్లి మీ ముందే విప్పమనండి. బ్రష్‌లు, బుష్‌లు, కాంటాక్టులు మాత్రమే పోయి ఉంటే మార్చితే సరిపోతుంది, నాకు కొత్త మోటార్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. ఆర్మేచర్ కాలిపోయిందంటే మాత్రం మార్చడమే మంచిది. కొత్తది తీసుకుంటే పాతది పక్కన పెట్టి పినియన్ (సెల్ఫ్ చివరి పళ్ల చక్రం) పళ్లు లెక్కపెట్టండి, బోల్టు రంధ్రాలు, పొడవు సరిచూడండి. లేబుల్ మీద పార్ట్ నంబరు చదవగలిగితే దాన్నే అడగండి, జీపుది అంటే షాపులో రెండు మూడు రకాలు తీసి ముందర పెడతారు.

సెల్ఫ్ బయట ఉన్నప్పుడే ఆ రంధ్రంలోంచి టార్చి వేసి రింగ్ గేర్ పళ్లు చూడండి. ఒక్కచోట చూసి వదలొద్దు, ముందు పుల్లీ బోల్టుకు పానా పెట్టి ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతూ చుట్టూ చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగినప్పుడల్లా దాదాపు అవే చోట్ల ఆగుతుంది కాబట్టి అరుగుదల కూడా అక్కడే ఎక్కువ ఉంటుంది.

బిగించేటప్పుడు సెల్ఫ్ ఆనే ముఖాన్ని, బెల్ హౌసింగ్ (సెల్ఫ్ బిగించే, ఫ్లైవీల్ చుట్టూ ఉండే గుల్ల) ముఖాన్ని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. చాలా సెల్ఫ్‌లకు ఎర్త్ అందేది ఆ బాడీ ద్వారానే, అక్కడ పెయింటో మట్టో ఉంటే పడ్డ కష్టమంతా వృథా. ఎర్త్ పట్టీ కూడా ఇదే ఊపులో కొత్తది వేసేయండి.

స్క్రూడ్రైవర్‌తో సోలెనాయిడ్ బోల్టులు కలిపి స్టార్ట్ చేసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. బండి గేర్‌లో ఉంటే మీ మీదికే దూకుతుంది, దయచేసి అది చేయకండి.

ఇంకొకటి, చలికాలంలో పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోందంటే హీటర్ ప్లగ్‌లు చెక్ చేయించండి, మీ ఇంజిన్‌కు అవి ఉంటే. పది సెకన్లకు మించి ఒకేసారి కొట్టకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగండి. వరి మడి నీళ్లలోంచి జీపు నడిపిన రోజు సెల్ఫ్ చుట్టూ ఉన్న బురద కడిగేయండి, మా బుష్‌లు అంత తొందరగా అరగడానికి ఆ బురదే కారణమని విప్పినాయన చూపించాడు.

ముందు ఆ ఎర్త్ కొలత ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి అన్నా, దాన్నిబట్టి సెల్ఫ్ విప్పాలా వద్దా చెప్తాను.