మావాడు ఫ్లాపీ బర్డ్ లాంటి గేమ్ చేశాడు, ప్లే స్టోర్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖలోనే బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. గేమ్‌లు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ బర్డ్ (నొక్కుతూ పిట్టని గొట్టాల మధ్య ఎగరేసే ఆట) లాంటి గేమ్ చేశాడు. బొమ్మలు, శబ్దాలు నెట్‌లో తీసుకున్నవే, పేరు కూడా ఇంచుమించు అదే. ప్లే స్టోర్‌లో పెడతానంటున్నాడు. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో ఆరు నెలల్లో పది పాపులర్ గేమ్‌ల క్లోన్‌లు, అంటే నకళ్లు, చేయిస్తామంటున్నారు. ఇలా కాపీ కొట్టడం తప్పు కాదా? దీంతో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: నేర్చుకోవడానికి క్లోన్ చేయడం తప్పు కాదండీ. ఈ రంగంలో అంతకన్నా మంచి సాధన లేదు కూడా. అసలు ఆట ఎలా ఆడుతుందో తెలుసు కాబట్టి తను చేసింది ఎక్కడ తేడా కొడుతోందో పిల్లాడికే అర్థమవుతుంది. తప్పు జరిగింది బొమ్మలు, శబ్దాలు, పేరు తీసుకోవడంలో.

ఆట నియమాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. వాటికి ఇచ్చిన రూపం మీద ఉంటుంది. భావానికి కాదు, దాని వ్యక్తీకరణకే రక్షణ అని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. కోల్‌కతా అన్నదమ్ములు పదాలు కూర్చే స్క్రాబుల్ ఆట తరహాలో చేసిన స్క్రాబులస్ మీద మాటెల్ కంపెనీ కేసు వేస్తే, 2008లో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ వాదనను ఒప్పుకోలేదు. ట్రేడ్‌మార్క్ కింద ఆ పేరు మాత్రం వాడొద్దంది. లెక్సులస్ అన్న పేరుతో ఆట కొనసాగింది. అలాగని రూపం మొత్తం దించేస్తే వదలరు. పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్‌కి నకలుగా వచ్చిన మినో మీద 2012లో అమెరికా కోర్టు తీర్పిస్తూ, ముక్కల ఆకారాలతో పాటు 20 గడుల ఎత్తు, 10 గడుల వెడల్పు బోర్డును కూడా ఎత్తి చూపింది.

మీవాడి మీద ఎవరో కోర్టుకెళ్తారని కాదు. అంతకు ముందే గూగుల్ గేమ్‌ని తీసేస్తుంది. ఉల్లంఘనలు పెరిగితే అకౌంటే మూసేస్తుంది. ఆ తర్వాత వేరే పేరుతో తెరిచినా, సంబంధం ఉందని తేలితే అదీ పోతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఆ మచ్చ తెచ్చుకోవడం అనవసరం. బొమ్మలకి కెన్నీ సైట్ ఉంది, అక్కడివన్నీ సీసీ జీరో లైసెన్స్‌వి, అంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. సీసీ బై అనే లైసెన్స్ ఉన్నవైతే గేమ్‌లో వాటిని చేసినవాళ్ల పేరు వేయాలి.

ఇక అసలు పని. ఫ్లాపీ బర్డ్‌ని పక్కన పెట్టి బ్రేకౌట్ చేయమనండి. బంతి, పలక, ఇటుకలు, అంతే. కానీ బంతి వేగం పెంచగానే కొన్నిసార్లు ఇటుకని తాకకుండానే అవతలికి పోతుంది. యూనిటీ భౌతిక లెక్కలు మామూలుగా 0.02 సెకన్లకోసారి, అంటే సెకనుకు 50 సార్లు జరుగుతాయి. వేగం సెకనుకు 30 యూనిట్లుంటే ఒక్కో లెక్కకి బంతి 0.6 యూనిట్లు దూకుతుంది. ఇటుక మందం 0.5 అయితే రెండు లెక్కల మధ్య ఇటుక కనబడకుండా పోయే వీలుంది. బంతికి ఉండే రిజిడ్‌బాడీ (భౌతిక లెక్కలు చూసే భాగం) సెట్టింగుల్లో కొలిజన్ డిటెక్షన్‌ని, అంటే తాకిడిని గుర్తించే పద్ధతిని, కంటిన్యువస్‌కి మార్చాలి. రెండో చిక్కు, బంతి ఒకే కోణంలో అటూ ఇటూ తిరుగుతూ ఆట ఎప్పటికీ తెగదు. పలక మధ్య నుంచి ఎంత దూరంలో తగిలిందో చూసి కోణం మార్చాలి.

ఫ్లాపీ బర్డ్‌కి తిరిగొచ్చాక ఇంకో పరీక్ష ఉంది. పదిసార్లు నొక్కితే ఒకటీ రెండు సార్లు పిట్ట ఎగరదు. ఎందుకో చెప్పమనండి. నొక్కిన క్షణాన్ని ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో (ఆ 0.02 సెకన్లకోసారి నడిచే కోడ్) చదివితే, ఆ ఫ్రేమ్‌లో అది నడవకపోతే నొక్కు పోయినట్టే. ప్రతి ఫ్రేమ్‌కీ నడిచే అప్‌డేట్‌లో చదివి ఒక వేరియబుల్‌లో దాచి, బలం మాత్రం ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో వేయాలి. ఇంటర్వ్యూలో అడిగేవి ఇలాంటివే. గేమ్ ఎంత బాగుందన్నది తర్వాతి సంగతి.

క్లోన్ ఆడుతోందనిపించాక ఒకే ఒక్క నియమం మార్చమనండి. 2014 ఫిబ్రవరిలో త్రీస్ అనే సంఖ్యలు కలిపే ఆట వచ్చింది, మార్చి నాటికి దాని దారిలోనే 2048 వచ్చింది. సంఖ్యలు కలిసే నియమం తేలికయ్యేసరికి జనం దాని మీద పడ్డారు. త్రీస్ చేసినవాళ్లు బాధపడ్డారు, న్యాయంగానే. 2048 కోడ్ ఎంఐటీ లైసెన్స్‌తో అందరికీ అందుబాటులో ఉంది, కూర్చుని చదవొచ్చు. పోర్ట్‌ఫోలియోలో మాత్రం ఇంకో 2048 పెట్టొద్దు, చూసేవాళ్లకి విసుగు.

ఇన్‌స్టిట్యూట్ విషయానికొస్తే, పది క్లోన్‌లు అన్నప్పుడే నాకు అనుమానం. పాత బ్యాచ్ పిల్లల ప్రాజెక్టులు ఓ నాలుగు చూపించమనండి. నాలుగూ అచ్చం ఒకేలా ఉంటే, రేపు స్టూడియోలో రెజ్యూమేలు చూసేవారికీ అలాగే కనిపిస్తాయి. రెండు గేమ్‌లు చాలు. ఒక్కోదానికి గిట్‌హబ్‌లో కోడ్, బ్రౌజర్‌లో ఆడే బిల్డ్ ఇచ్‌ డాట్ ఐఓ అనే గేమ్‌ల సైట్‌లో, అర నిమిషం వీడియో. ఏపీకే (ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపితే ఎవరూ ఇన్‌స్టాల్ చేసి చూడరు. ఏది అసలు గేమ్ నుంచి తీసుకున్నాడో, ఏది మార్చాడో కోడ్‌తో పాటు ఉండే రీడ్‌మీ ఫైల్‌లో దాచకుండా రాయాలి.

ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, పుణె స్టూడియోల్లో. విశాఖలో అవకాశాలు తక్కువ, ఊరు వదలడానికి ఇప్పటి నుంచే సిద్ధపడండి. డేటా స్ట్రక్చర్స్, వెక్టర్ గణితం, సీ షార్ప్ గట్టిగా వస్తే మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ అడ్డు లేదు. ఫ్రీలాన్స్‌లో ఎవరైనా డబ్బు పెట్టి ఆడే రమ్మీ, లూడో క్లోన్ చేయమంటే ఎంత ఇస్తానన్నా వద్దనాలి. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం అలాంటి ఆటలు నడపడమే కాదు, అందుకు సాయపడడమూ నిషేధం. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.

ప్లే స్టోర్ అకౌంట్‌కి ఒకేసారి 25 డాలర్లు కట్టాలి, ఇప్పుడే వద్దు. కొత్త వ్యక్తిగత అకౌంట్ అయితే కనీసం 12 మంది వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో (విడుదలకు ముందు పిలిచినవాళ్లు మాత్రమే ఆడి చూసే పరీక్ష) ఉండాలి. మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు కాబట్టి క్లాస్‌లో ఇరవై మందిని పోగేసుకున్నాకే ఆ పని మొదలుపెట్టాలి. ఇన్‌స్టిట్యూట్‌కి కట్టాలనుకున్న ఫీజులో కొంత ఖర్చుపెట్టి, ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే 16 చేయించండి. యూనిటీకి ముందు అది కావాలి.