కాగితం పాతదైతే బొమ్మ పాతదేనా?

మీరు కొనాలనుకుంటున్న పాత డ్రాయింగ్ కాగితం 1500ల నాటిదని తేలిందని, కాబట్టి డ్రాయింగ్ కూడా అసలుదే అనుకోవచ్చా అని అడిగారు. దయచేసి అలా అనుకోకండి. పాత చిత్రకారుల పేరుతో నకిలీలు గీసిన ఎరిక్ హెబ్బార్న్ పాత కాగితం మీదే గీసి, పెద్ద పెద్ద మ్యూజియంలనే మోసం చేశాడు. 1970లలో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ క్యూరేటర్ కొన్రాడ్ ఒబెర్‌హూబర్ పాతకాలపు ఇటలీ కళాకారుల పేరున ఉన్న రెండు బొమ్మల్ని, అంటే తమ దగ్గరున్న స్పెరాన్డియో డ్రాయింగ్‌నూ, న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలోని కోస్సా డ్రాయింగ్‌నూ పోల్చి చూశాడు. చిత్రకారులు వేరు, కాగితం మాత్రం ఒకే రకం! రెండూ ఒకే లండన్ డీలర్ నుంచి వచ్చినవే. అక్కడే హెబ్బార్న్ నకిలీల గుట్టు బయటపడింది.

మీరు ముందు భూతద్దం పెట్టి సిరా చూడండి. మాచికాయ, అన్నభేది కలిపి చేసే ఆ పాత సిరా గోధుమరంగుకు తిరిగి, ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది. పురుగు తిన్న రంధ్రం అంచులోకి సిరా దిగిందా? మడత పగుళ్లలో పాకిందా? అయితే కాగితం పాడయ్యాకే ఎవరో గీశారన్నమాట. నాకైతే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇదే. తెల్లరంగు ఉంటే ల్యాబ్‌లో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ (రంగులో ఏ మూలకాలున్నాయో చెప్పే పరీక్ష) చేయించండి. టైటానియం వైట్ 20వ శతాబ్దపు రంగు. తర్వాత వేసిన మరమ్మతు కాకపోతే, అది కనిపించాక ఇక వాదనే లేదు.

పాత యజమానుల వివరాలు కూడా అడగండి. అవి చేతికొచ్చేదాకా డబ్బు కట్టకండి.