పాత సీరియల్‌ను మొదటిసారి టీవీలో వచ్చినట్టే దాచుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన సీరియల్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది గానీ అప్పుడు చూసినట్టు లేదు, పాటలు మారాయి, కొన్ని సీన్లే లేవు. ఇంట్లో అప్పట్లో రికార్డు చేసిన వీసీఆర్ క్యాసెట్లున్నాయి. వాటిలోంచి అసలు ప్రసారాన్ని ఎలా దాచుకోవాలి, ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నాం. నాది నల్గొండ. సూర్యాపేటలో ఒకరు, మహబూబ్‌నగర్‌లో ఒకరు, దేవరకొండ నుంచి వెళ్ళి హైదరాబాద్‌లో స్థిరపడిన ఇంకొకరు. ఒకే సీరియల్ పిచ్చి ఉన్నవాళ్ళం కొన్నేళ్ళుగా ఇదే పని మీద ఉన్నాం. సీరియల్ పేరు మాత్రం రాయను. హక్కులు ఇంకా ఛానెల్ వాళ్ళవే, లేనిపోని గొడవ ఎందుకు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. క్యాసెట్‌లో ఏముంటే అది మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించండి. యాడ్స్, బ్రేక్‌కి ముందు వచ్చే ఛానెల్ బొమ్మ, మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడు పడ్డ గీతలు, అన్నీ. నీట్‌గా చేద్దామని మీరు కత్తెర పట్టారంటే ఎవరిమీద కోపంతో ఈ పని మొదలుపెట్టారో వాళ్ళు చేసిన పనే మీరూ చేస్తారు.

ఎందుకంటున్నానో మా పెద్దమ్మ క్యాసెట్ల సంగతి చెప్తే తెలుస్తుంది. ఆమె టీచర్. కూతురు పెళ్ళయి అమెరికా వెళ్ళింది. అక్కడ వాళ్ళకు తెలుగు ఛానెళ్ళు రాని రోజులు. బిడ్డకు సీరియల్ మిస్సవుతుందని రోజూ రికార్డు పెట్టేది. తీరా ఎవరో వెళ్తుంటే కొన్ని క్యాసెట్లు ఇచ్చి పంపిస్తే అక్కడి వీసీఆర్‌లో బొమ్మ సరిగ్గా రానే లేదు. మన టీవీ ప్రసారం పాల్ (PAL) అనే పద్ధతిలో, వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ (NTSC) అనే వేరే పద్ధతిలో ఉండేది. రెండూ ఆడించే మల్టీసిస్టమ్ వీసీఆర్ అక్క వాళ్ళింట్లో లేదు. దాంతో పంపడం ఆగింది గానీ రికార్డు చేయడం ఆగలేదు. "ఎప్పుడన్న వచ్చినప్పుడు చూస్తది తీయ్" అనేది. అట్లా ఆ క్యాసెట్లన్నీ బత్తాయిలు మోసే ప్లాస్టిక్ ట్రేల్లో సజ్జ మీదికి ఎక్కాయి.

పెద్దమ్మ రికార్డు బటన్ నొక్కి వంటింట్లోకి వెళ్ళిపోయేది. యాడ్స్ రాగానే పాజ్ కొట్టేంత తీరిక ఆమెకు లేదు. మా మేనమామ అట్లా కాదు. రిమోట్ పట్టుకుని టీవీ ముందే కూర్చుని, యాడ్ పడగానే పాజ్ కొట్టేవాడు. మళ్ళీ నొక్కడం మరిచి సగం సీన్ పోగొట్టిన రోజులూ ఉన్నాయి. అప్పట్లో చుట్టాలందరూ మామయ్య క్యాసెట్లే అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు మా పనికి పెద్దమ్మవే బంగారం. స్టిక్కర్ మీద గుండ్రని అక్షరాలతో తేదీ, దాని కింద ఎర్ర ఇంకుతో 'మధ్యలో కరెంటు లేదు', 'టేపు అయిపోయింది, చివర రాలేదు' అని రిమార్కులు. మా ఫైళ్ళన్నిటికీ ఇప్పుడు అవే ఆధారం.

ఆ క్యాసెట్‌ని, ఆన్‌లైన్ ఎపిసోడ్‌ని పక్కపక్కన పెట్టి చూశాం. ఎక్కువ నష్టం పాటల దగ్గర. ఒక సీన్‌లో అత్తగారు గోరుచిక్కుడు వలుస్తూ రేడియో వింటుంటుంది. పాత సినిమా పాట వస్తుంటుంది. కోడలు వచ్చి సౌండ్ తగ్గించబోతే "ఉండనీ, ఈ పాటంటే మీ మామగారికి ప్రాణం" అంటుంది. అప్పటికి ఆ మామగారు పోయి ఉంటాడు. సీన్‌కు ప్రాణమంతా అక్కడే. ఆన్‌లైన్‌లో ఆ పాట లేదు. పాటల హక్కుల తకరారు వల్ల కావచ్చు, దాని బదులు ఏదో కీబోర్డు ముక్క అతికించారు. ఏ షాపు ప్రారంభోత్సవంలోనో వేసే మ్యూజిక్ అది. దాన్ని వింటూ ఆవిడ "మీ మామగారికి ప్రాణం" అంటుంటే ఏడవాలో నవ్వాలో తెలియదు. పైగా మాటలూ పాటా ఒకే ట్రాక్‌లో కలిసిపోయి ఉన్నట్టుంది, పాట తీసేసరికి కోడలి డైలాగు ఒకటి కూడా దాంతోపాటే పోయింది.

రెండోది బొమ్మ ఆకారం. అప్పటి టీవీ నాలుగుకి మూడు కొలత. ఇప్పటి వెడల్పు తెరకు నింపాలని పైనా కిందా కోసేశారు. హీరోయిన్ చేతిలో ఉత్తరం పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, ఆ ఉత్తరం మాత్రం తెర కింద ఎక్కడో ఉంది. ఇక రెండు మూడు ఎపిసోడ్లను కలిపి ఒకటిగా కుట్టడంతో చివర బొమ్మ ఆగిపోయే సస్పెన్సూ పోయింది, పేర్లు ఎక్కే టైటిల్సూ పోయాయి. టైటిల్సే కదా అనుకోవద్దు. మా నల్గొండలో నాటకాలాడే ఒకాయన అందులో చిన్న వేషం వేశారు. ఆయన పేరు తెర మీద కనిపించేది ఆ పేర్లలో ఒక్కచోటే.

ఇది మన దగ్గరే జరిగే పని కాదు. 2019లో డిస్నీ ప్లస్ అనే ఆన్‌లైన్ సర్వీసు మొదలైనప్పుడు 'ది సింప్సన్స్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్ పాత ఎపిసోడ్లను ఇట్లాగే పైనా కిందా కోసి పెట్టారు. బీరు ఫ్యాక్టరీ సీన్‌లో మూడు రకాల బీర్లూ ఒకే పైపులోంచి వస్తున్నాయన్నది జోకు. ఆ పైపు ఉన్న భాగమే కోతలో పోయింది. అభిమానులు గోల పెడితే 2020 మేలో పాత ఆకారంలో కూడా చూసే వీలు కల్పించారు. మర్యాదగా చేసినవాళ్ళూ ఉన్నారు. 1966 నాటి అమెరికన్ అంతరిక్ష సీరియల్ 'స్టార్ ట్రెక్'కు 2006లో కొత్త గ్రాఫిక్స్ వేశారు, తర్వాత బ్లూరే డిస్కుల్లో పాతదీ కొత్తదీ రెండూ ఇచ్చి నీకు నచ్చింది చూసుకో అన్నారు. మన ఛానెళ్ళు ఆ మాత్రం చేస్తే నాకు ఈ తిప్పలుండేవి కావు. బ్రిటన్‌లో బీబీసీ తన పాత టేపులు తనే చెరిపేసుకుంది. 'డాక్టర్ హూ' అనే వాళ్ళ పాత సీరియల్ ఎపిసోడ్లు తొంభైకి పైగా ఇప్పటికీ బొమ్మ దొరకలేదు. కానీ వాటి శబ్దం మాత్రం మొత్తం ఉంది. ఎట్లా అంటే, ప్రసారమైన రోజు ఇళ్ళల్లో కొందరు టీవీ దగ్గర టేపు రికార్డర్ పెట్టుకున్నారు కాబట్టి.

2020 మార్చి 28 నుంచి లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్ళీ 'రామాయణం' వేసినప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది, ఫలానా సీన్ కోసేశారని చాలామంది ఫిర్యాదు చేశారు. మా ఇంట్లోనే పెద్ద వాదన నడిచింది. 1987–88లో ఆదివారాలు చూసిన జ్ఞాపకం, తర్వాత చూసిన సినిమాలు, విన్న హరికథలు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. జ్ఞాపకం మీద ఎంత ఒట్టేసినా తేలదు. క్యాసెట్ ఒక్కటుంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక యాడ్స్ దగ్గరికి వస్తాను. మా మహబూబ్‌నగర్ మిత్రుడు తన దగ్గరున్న క్యాసెట్లు మాకంటే ముందే ఎక్కించాడు. మంచి మనిషి, ఓపికగా కూర్చుని ప్రతి ఎపిసోడ్‌లో యాడ్స్ అన్నీ కోసి, శుభ్రం చేసి, క్యాసెట్లను పాత సామాన్లు కొనే బండికి వేసేశాడు. తర్వాత ఒక ఎపిసోడ్‌లో సీన్ సడన్‌గా తెగినట్టుంది. ఛానెల్ అక్కడ బ్రేక్ ఇచ్చిందా, ఆ రోజు ప్రసారంలోనే కోత ఉందా, మావాడి కత్తెర ఒక సెకను ముందుకు జరిగిందా? చెప్పడానికి ఏ ఆధారమూ మిగల్లేదు. వాడి క్యాసెట్ల మీద తేదీలు కూడా లేవు. పెద్దమ్మ క్యాసెట్లలోనూ స్టిక్కర్ ఊడిపోయినవి ఉన్నాయి, కానీ అందులో ఒకదాంట్లో బ్రేక్ మధ్య వార్తల ముక్క ఉంది. అసెంబ్లీ ఎన్నికల లెక్కింపు జరుగుతోంది, ఏ పార్టీకి ఎన్ని అని అంకెలు మారుతున్నాయి. అంటే 2004 మే 11. ఆ తేదీ దొరికాక దాని ముందువి, వెనకవి వరుసగా సర్దుకోగలిగాం. యాడ్స్ ఉంటే పండగ ఆఫర్లని బట్టి, రాబోయే సినిమాని బట్టి కనీసం నెలైనా పట్టుకోవచ్చు.

ఇప్పుడు మీ క్యాసెట్ల సంగతి. వీసీఆర్‌లో పెట్టేముందు క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి. టేపు అంచుల మీద తెల్లటి పొడిలా ఉంటే అది బూజు. అది ఆడిస్తే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ పాడవుతుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. దాన్ని పక్కన పెట్టేయండి. మిగతావాటికి వెన్ను వైపు మూలన చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది, అది విరిచేయండి. ఇంట్లో ఎవరైనా పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. చాలా ఏళ్ళు కదలకుండా ఉన్న టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి అప్పుడు ఆడించండి.

కొత్త వీసీఆర్ దొరకదు. చివరగా తయారు చేస్తున్న జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. పాతదే వెతకాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అప్పుడప్పుడు కనిపిస్తాయి, విడి భాగాలకు కోఠిలో గుజరాతీ గల్లీ తిరగాలి. కొనేముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వెంట తీసుకెళ్ళి అక్కడే ఆడించి చూడండి, టేపు నమిలేవి చాలా ఉంటాయి. మాది బెల్టు సాగిపోతే ఇక్కడ పాత టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన మార్చి ఇచ్చారు. అట్లాంటి చేయి తిరిగినవాళ్ళు మీ ఊళ్ళోనూ ఒకరుంటారు, ఇప్పుడే పరిచయం పెట్టుకోండి.

వీసీఆర్ నుంచి కంప్యూటర్‌కి ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం (వీసీఆర్ బొమ్మను కంప్యూటర్ ఫైల్‌గా మార్చేది) చాలు. మరీ చవకవి కొన్నిసార్లు ఫ్రేములు వదిలేస్తాయి, గంట గడిచేసరికి పెదాలకూ మాటకూ పొంతన ఉండదు. పాత డీవీడీ రికార్డర్ ఏదైనా ఉంటే వీసీఆర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో పెట్టి చూడండి. కొన్ని రికార్డర్లతో బొమ్మ వంకర్లు తిరగడం బాగా తగ్గుతుంది. సెట్టింగులు 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్‌గానే (ఒక్కో బొమ్మ గీత విడిచి గీతగా రెండు భాగాల్లో వచ్చే పాత టీవీ పద్ధతి) ఉంచాలి. బొమ్మలో ఏదీ పోకుండా ఫైల్‌ను కుదించే హఫ్‌వైయూవీ (Huffyuv) లాంటి పద్ధతిలో ఎక్కిస్తే గంటకు దాదాపు 30 జీబీ అవుతుంది. ఎక్కువే, కానీ ఆ ఫైల్ ముట్టుకోకూడని అసలు కాపీ. టీవీలో, ఫోన్‌లో చూసుకోవడానికి దాన్నుంచి వేరే చిన్న కాపీ చేసుకోండి, అందులో యాడ్స్ కోస్తారో ఇంకేం చేస్తారో మీ ఇష్టం.

ఈ మధ్య అందరూ ఏఐతో హెచ్‌డీ చేయమంటున్నారు. చేసి చూశాం. వీహెచ్‌ఎస్‌లో, అంటే మన ఈ వీసీఆర్ క్యాసెట్లలో, ఉండేదే అడ్డంగా ఓ 240 గీతల వివరం, మిగతాది ఆ సాఫ్ట్‌వేర్ ఊహించి పూస్తుంది. అత్తగారి ముడతలు పోయి ఇరవై ఏళ్ళ పిల్లలా తయారైంది. వెనక గోడ మీది క్యాలెండర్‌లో అక్షరాలు ఏ భాషవో కూడా తెలియలేదు. సరదాకి చేసుకోండి, అసలు కాపీ అని మాత్రం పేరు పెట్టకండి.

ఫైల్ పేరులోనే ఛానెల్, తేదీ, క్యాసెట్ నంబరు రాయండి. తేదీ ఊహిస్తే ఊహ అని రాయండి. స్టిక్కర్ ఫోటో కూడా తీసి పక్కనే ఉంచండి. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి వేరే ఇంట్లో ఉంచండి, మాది ఒకటి సూర్యాపేటలో ఉంటుంది. ఎక్కించడం అయిపోయినా క్యాసెట్లు పారేయొద్దు. కాకపోతే మన ఎండాకాలంలో స్లాబు కింద సజ్జ మీద మాత్రం వద్దు, కింది అరలో నిలువుగా పెట్టండి.

చట్టం గురించి కూడా అడుగుతారని తెలుసు. 1957 కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం ప్రసారాన్ని సొంతానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదు. ప్రసారం మీద ఛానెల్ హక్కు 25 ఏళ్ళు. అది ముగిసినంత మాత్రాన సీరియల్ మనదైపోదు, దాని కాపీరైట్ 60 ఏళ్ళు. కాబట్టి యూట్యూబ్‌లో పెట్టడం, పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మడం వద్దు. మేం ఛానెల్‌కు ఉత్తరం రాసి, మా దగ్గర ఫలానా ఎపిసోడ్లు పాటలతో సహా ఉన్నాయి, మీ దగ్గర లేకపోతే తీసుకోండి అన్నాం. జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాం.

మీ క్యాసెట్లలో ఎల్‌పీ మోడ్‌లో, అంటే మూడు గంటల టేపు మీద ఆరు గంటలు ఎక్కించినవి ఉంటే ముందు వాటితో మొదలుపెట్టండి, త్వరగా పాడయ్యేవి అవే. అన్ని వీసీఆర్‌లూ వాటిని ఆడించవు కూడా. మీ వీసీఆర్ ఏ మోడలో చెప్తే మిగతాది చెప్తాను.