సర్జన్ మారుతున్నారా? ముందు కేస్ షీట్ కాపీ చేతికి తెచ్చుకోండి

ప్రశ్న: మా అమ్మకి 66 ఏళ్లు. రెండున్నరేళ్ల కిందట కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. ఆరు నెలలుగా మెట్లెక్కితే నొప్పి. కాలు మోపగానే లోపల ఏదో కదిలినట్టుందంటోంది. ఆరిలోవ హెల్త్ సిటీలో వేరే సర్జన్‌కి చూపిద్దామనుకుంటున్నాం. మా దగ్గర డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఉంది, అది సరిపోతుందా? పాత డాక్టరుగారు నొచ్చుకుంటారేమోనని మిగతావి అడగడానికి మొహమాటంగా ఉంది. – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: సరిపోదండీ. మోకాలు మార్చామని, ఫలానా మందులు వాడమని రాయడంతో చాలా డిశ్చార్జ్ సమ్మరీలు అయిపోతాయి. లోపల పెట్టిన కృత్రిమ కీలు, అంటే ఇంప్లాంటు, ఏ కంపెనీది, ఏ మోడల్, ఏ సైజో కొత్త సర్జన్‌కి తెలియాలి. ఆ వివరం ఆపరేషన్ నోట్స్‌లోనూ, ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించిన పేజీలోనూ ఉంటుంది. తొడ ఎముక భాగం, కాలి ఎముక ప్లేటు, మధ్యలో ప్లాస్టిక్ ఇన్సర్ట్, బోన్ సిమెంట్... ఒక్కోదానికి ఒక్కో చిన్న స్టిక్కర్. దానిమీద రెఫ్ నంబరు, లాట్ నంబరు, సైజు, కుడా ఎడమా అన్నది అచ్చు వేసి ఉంటాయి. ఇదెందుకంత ముఖ్యమంటే, ఒకవేళ ప్లాస్టిక్ ఇన్సర్ట్ మాత్రమే అరిగితే దాన్నొక్కదాన్నే మార్చే వీలుంటుంది. కానీ అదే కంపెనీ, అదే మోడల్, సరిపడే సైజు దొరకాలి. వివరం తెలియకపోతే బాగున్న లోహపు భాగాల్ని కూడా తీయాల్సి రావచ్చు. మీ అమ్మగారికి అది ఎంత పెద్ద ఆపరేషనో చెప్పక్కర్లేదు.

అడగాల్సినవి ఇవి: ఆపరేషన్ నోట్స్, స్టిక్కర్ల పేజీ, మత్తు డాక్టరు రాసిన అనస్థీషియా చార్టు, రక్తపరీక్షలు, చీము గానీ నీరు గానీ కల్చర్‌కి (క్రిములున్నాయేమో చూసే పరీక్షకి) పంపి ఉంటే ఆ రిపోర్టు, ఆపరేషన్ అయిన వెంటనే తీసిన ఎక్స్‌రే. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఇంప్లాంటు వదులైందో లేదో ఇప్పటి ఎక్స్‌రే ఒక్కటే చూసి చెప్పడం కష్టం. ఎముకకీ సిమెంటుకీ మధ్య గీత అప్పుడెంత ఉంది, ఇప్పుడెంత పెరిగింది అని పక్కపక్కన పెట్టి చూడాలి. ఫిల్మ్‌ని కిటికీకి పెట్టి ఫోన్‌తో తీసిన ఫొటో పనికిరాదు, కొలతలు మారిపోతాయి. ఒరిజినల్ ఫిల్మ్ గానీ డైకామ్ ఫైళ్లు (ఎక్స్‌రే అసలు డిజిటల్ ఫైళ్లు) ఉన్న సీడీ గానీ తీసుకోండి. సీడీ ఇస్తే కౌంటరు దగ్గరే కంప్యూటర్లో తెరిపించి పేరు, తేదీ, కుడి కాలేనా అన్నది చూసుకోండి. ఖాళీ సీడీ పట్టుకుని గాజువాక నుంచి ఆరిలోవ దాకా వెళ్లి తిరిగొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

నోటిమాటగా అడిగితే పని జరగదు. మెడికల్ రికార్డ్స్ విభాగానికి, అదే ఎంఆర్‌డీకి, తెల్లకాగితం మీద అర్జీ రాయండి. పేరు, యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి రోగికిచ్చే నంబరు), ఐపీ నంబరు (ఇన్‌పేషెంటుగా చేరినప్పుడు ఇచ్చేది), చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ వేసి, పైవన్నీ ఒక్కొక్కటిగా పేర్కొనండి. "పూర్తి రికార్డు ఇవ్వండి" అని ఊరుకుంటే మళ్లీ ఆ డిశ్చార్జ్ సమ్మరీయే జిరాక్స్ తీసి ఇస్తారు. అర్జీ మీద అమ్మగారే సంతకం చేయాలి. ఆవిడ వెళ్లలేకపోతే మీ పేరున అధికార పత్రం, ఇద్దరి ఆధార్ కాపీలు జతచేయండి. రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవడం మాత్రం మరవొద్దు. భారత వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. ఆ గడువు ఎప్పుడు మొదలైందో చెప్పేది ఆ స్టాంపే.

ఇంకో మాట. అవే నిబంధనల్లో, ఇన్‌పేషెంటు రికార్డుల్ని చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలని ఉంది. మీకు రెండున్నరేళ్లు అయిపోయాయి కాబట్టి ఈ వారమే వెళ్లండి. మొహమాటం అసలొద్దు. వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. పాత సర్జన్ ఉత్తరం రాసివ్వాలన్న నియమమూ లేదు, ఇస్తే మంచిదే. ఈలోగా ఎవరో చెప్పారని యాంటీబయాటిక్స్ మొదలుపెట్టకండి. లోపల ఇన్‌ఫెక్షన్ ఉంటే కల్చర్‌లో దొరక్కుండా పోయే ప్రమాదం ఉంది. ఇప్పటికే వాడి ఉంటే ఏ మందు, ఏ తేదీల్లో వాడారో రాసి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా ఆవిడకి రొమ్ములో గడ్డ తీశారు, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఇప్పుడు వెళ్తున్న ఆసుపత్రిలో రిపోర్టు చూసి "స్లైడ్లు, బ్లాకులు తెండి" అంటున్నారు. రిపోర్టు ఉండగా అవెందుకు? – ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: రిపోర్టు ఒక పాథాలజిస్టు చూసి చెప్పిన మాట. బ్లాకు అంటే ఆ గడ్డ ముక్కే, మైనంలో పొదిగి ఉంచినది. దాన్నుంచి కోసిన సన్నని పొరని గాజుపలక మీద పెడితే అది స్లైడు. అలా పొరలు కోసి ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు చేస్తారు. హార్మోన్ మాత్రలు పనిచేస్తాయా, ఏ ఇంజెక్షన్ కావాలి అన్నది వాటిని బట్టే తేలుతుంది.

పరీక్ష చేసిన ల్యాబుకే అర్జీ పెట్టండి. వేరే ల్యాబుకి పంపి ఉంటే ఆ పేరు రిపోర్టు పైనే ఉంటుంది. తీసుకునేటప్పుడు బ్లాకు మీద నంబరు రిపోర్టు నంబరుతో సరిపోయిందా అని ఒక్కొక్కటీ చూసుకుని, ఎన్ని బ్లాకులు, ఎన్ని స్లైడ్లు అన్నది రసీదులో రాయించుకోండి. జిరాక్స్ పోతే ఇంకోటి తీసుకోవచ్చు గానీ బ్లాకు పోతే తిరిగి రాదు. స్లైడ్లు గాజువి కాబట్టి స్లైడ్ల డబ్బాలో పెట్టించుకోండి. ఎండాకాలంలో స్కూటర్ డిక్కీలో, మూసిన కారులో వదిలేస్తే మైనం మెత్తబడుతుంది. చేతిసంచీలో మీతోనే ఉంచుకోండి. పరీక్ష అయ్యాక మిగిలిన బ్లాకు అడిగి వెనక్కి తెచ్చుకోండి, ఏళ్ల తర్వాత కూడా అక్కరకొస్తుంది.

ప్రశ్న: అర్జీ ఇచ్చి పదిరోజులైంది. "కేస్ షీట్ ఆసుపత్రి ఆస్తి, ఇవ్వం" అంటున్నారు. – ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఒరిజినల్ వాళ్ల దగ్గరే ఉండనివ్వండి, మీరడిగేది కాపీ. జిరాక్స్ ఖర్చు అడిగితే కట్టి రసీదు తీసుకోండి. అయినా ఇవ్వకపోతే 72 గంటల నిబంధన ప్రస్తావిస్తూ మెడికల్ సూపరింటెండెంట్‌కి రిజిస్టర్డ్ పోస్టు పంపండి. ఆపైన జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి కార్యాలయం, రాష్ట్ర వైద్యమండలి, చివరగా జిల్లా వినియోగదారుల కమిషన్. కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది స్టాంపు పడ్డ ఆ అర్జీ కాపీనే. మీ దగ్గర లేకపోతే రేపే కొత్త అర్జీ ఇచ్చి స్టాంపు వేయించుకోండి.